పై తూటా

కాపలాదారు ఎలిసేయో చుబ్ పిస్తోలు పైభాగాన్ని వెనక్కి లాగి వదిలాడు. వరసలో పైనున్న తూటా గొట్టంలోకి ఎక్కిన చప్పుడు మందుల దుకాణం గాజు బీరువాల మధ్య పొడిగా వినిపించింది. బయట కొబాన్ పట్నం వీధుల్లో అప్పటికే తుంపర.

సాయంత్రం ఆ తూటాను బయటికి తీయాలి. నింపిన తుపాకిని ఇనప్పెట్టెలో పెట్టకూడదని కాపలా కంపెనీ నియమం. బయటికి దూకినదాన్ని అంగీ అంచుతో తుడిచి మళ్ళీ మిగతావాటి పైనే దోపేవాడు. తెల్లారితే మళ్ళీ అదే లోపలికి. ఏళ్లుగా ఇలాగే. కంపెనీ కొత్తవి ఇవ్వలేదు, అతను అడగలేదు, పేల్చే అవసరమూ రాలేదు.

పొట్టి మనిషి. నడుం పట్టీకి మేకుతో పొడుచుకున్న బెజ్జాలు. యాలకులు ఆరబెట్టే బట్టీలో కాలి నల్లబడిన బొటనవేలి గోరు. భార్య పోయాక తమ్ముడి ఊరు విడిచి పట్నం వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి ముసలివాళ్లకు చెయ్యి అందించి మెట్టెక్కించడమే అతని ఉద్యోగమని చుట్టుపక్కలవాళ్లు అనుకునేవారు. నిన్ను చూస్తే దొంగలు కూడా దగ్గుమందు అడిగి వెళ్లిపోతారని యజమానురాలు ఒఫేలియా ఏడిపించేది.

ఆ మధ్యాహ్నం నిజంగానే ఒకడొచ్చాడు. తడిసిన ప్లాస్టిక్ కోటు లోంచి పొడవాటి కత్తి తీసి, బల్ల మీదుగా ఒఫేలియా మెడకు గురిపెట్టాడు. ఎలిసేయో ఆమె పక్కకు చేరి పిస్తోలు ఎత్తాడు. వేలు మీట మీదికి వెళ్లింది. కాస్త నొక్కింది కూడా. అప్పుడు అతనికి వాడి చెవులు కనిపించాయి. చలికి ఎర్రబడి, అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి. వేలు ఆగిపోయింది.

"వాన పెరుగుతోంది నాయనా," అన్నాడు. "తలుపు నీ వెనకే ఉంది. అది అక్కడ పెట్టేసి ఇంటికెళ్లు."

వాడు ఒకసారి తలుపు వైపు చూశాడు. తర్వాత కత్తిని బల్ల మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

వాడు వెళ్లాక ఒఫేలియాకు కోపమొచ్చింది. "మరి దేనికయ్యా నీకా తుపాకి? నడుముకి నగా?"

అతను పిస్తోలు దించి, వాన జల్లు పడుతున్న తలుపు మూశాడు.

కబురు అంది, కంపెనీలో ఆయుధాలు చూసే రిగోబెర్తో వచ్చాడు. పిస్తోలు ఖాళీ చేసి, గొట్టంలోంచి వచ్చిన తూటాను అరచేతిలో పెట్టుకుని వెలుతురులో తిప్పి చూశాడు. దాన్ని, అడుగునున్న మరో తూటాను పక్కపక్కనే గాజుబల్ల మీద నిలబెట్టాడు. ఒకటి పొట్టిగా ఉంది. ఇత్తడి అంచు గీతలు పడి అరిగింది. లోపలికెక్కిన ప్రతిసారీ కొన గుద్దుకుని, సీసపు గుండు తొడుగులోకి కొంచెం కొంచెంగా దిగబడిపోయింది.

"లోపల తుపాకి మందుకి చోటు లేదు పెద్దాయనా," అన్నాడు మెల్లగా. "ఇది పేలుంటే తుపాకే పగిలుండొచ్చు. నీ చేతిలో. ఈవిడ మొహం పక్కన."

ఒఫేలియా చెయ్యి తనకు తెలియకుండానే చెంప మీదికి వెళ్లింది. ముగ్గురూ ఆ చిన్న ఇత్తడి ముక్క వైపు, గర్భగుడి ముందు నిలబడ్డవాళ్లలా, చూస్తూ ఉండిపోయారు.

"ఇది ఇలా ఉందని నీకు తెలుసా?" అని ఒఫేలియా అడిగింది.

"తెలీదమ్మా. వాడి చెవులు చూశానంతే."

రిగోబెర్తో కొత్త తూటాల డబ్బా ముందుకు జరిపాడు. ఎలిసేయో తీసుకోలేదు. తన కుడిచేతిని వెలుతురు వైపు తిప్పి, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు, ఒక్కో వేలూ ముడిచి తెరిచి చూసుకున్నాడు. నడుం పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు. తమ్ముడి ఊరికి ఆఖరి బస్సు ఇంకా పోలేదని, వెళ్తానని చెప్పాడు. ఒఫేలియా ఉండమనలేదు. గుమ్మం దాకా వచ్చి, మెట్టు దిగడానికి తనే చెయ్యి అందించింది.

అతను తన కుడిచేతినే చూసుకుంటూ, తల తడుస్తున్నా పట్టించుకోకుండా, సందు మలుపు తిరిగాడు. తలుపు మూలన ఆరబెట్టిన అతని నల్ల గొడుగు తెరిచే ఉంది. మర్నాడు కూడా దాన్నెవరూ ముడవలేదు.