భివండి తొవ్వ

కరోనా లాక్‌డౌన్ల మహారాష్ట్ర భివండి నుంచి నడిచొచ్చినోళ్ళను కోరుట్లల ఒక బడిల ఉంచిండ్లని తెలిసి, శారద సిరిసిల్ల నుంచి తెలిసినోళ్ళ బండి మీద ఉరికొచ్చింది. గేటవతల వేపచెట్టు నీడకు ఆమె మామ బాలకిషన్ ఒక్కడే కూసున్నడు. కాళ్ళకు చీర పీలికలు చుట్టుకున్నడు. శారద కండ్లు లోపటి గదుల దిక్కు ఉరికినయి. భివండిల బట్ట నేసే సాంచాల మీద మామ, ఆమె మొగుడు సతీశ్, తండ్రికొడుకులిద్దరూ కలిసే పనిచేసిండ్లు. వస్తున్నమని ఇద్దరూ కలిసే ఫోన్ చేసిండ్లు.

"మామా, ఆయనేడి?" అని గేటు పట్టుకొని ఒర్రింది.

బాలకిషన్ తల ఎత్తలే. "సతీశ్ లేడు బిడ్డా. పాణం పోయింది. తొవ్వలనే మన్నుల పెట్టొచ్చిన" అన్నడు.

గంతే. ఏ ఊరంటె తెల్వదన్నడు. ఏ జిల్లా అంటె తెల్వదన్నడు. రాత్రులు నడుసుడు, పగలు పండుడు, బోర్డుల మీద మరాఠీ రాతలు, ఏం తెలుస్తదన్నడు. శారద ఏడ్చి ఏడ్చి అలిసిపోయి అడుగుడు బంద్ పెట్టింది. అత్త అంతకుముందే పోయింది. ఇంట్ల మిగిలింది ముగ్గురు: శారద, ఆమె బిడ్డ సుమలత, బాలకిషన్. బట్టలు కుట్టే కంపెనీల పనికి పోయి శారదే ఇల్లు నడిపింది. మామకు పొద్దుగాల చాయ్, పగటికి బువ్వ ముందట పెట్టేది గాని ముఖం చూసి మాట్లాడేది కాదు.

ఆమె కడుపుల ఒక అనుమానం ఉండేది. ఎవ్వలకు చెప్పుకోలే. కొడుకును పెట్టిన జాగ ఏ తండ్రన్న మర్చిపోతడా? చెప్తలేడంటె చెప్పరానిదేదో జరిగి ఉంటది. పాణం ఉండంగనే, నడవలేని మనిషిని తొవ్వల ఇడిచిపెట్టొచ్చిండేమో. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా మిషన్ మీద బట్ట వంకర పోయేది.

బాలకిషన్ వచ్చినకాడికెళ్ళి ఇంట్లకెళ్ళి కదలలే. గల్లీ చివర కిరాణం దుకాణానికి సుత పోడు. మంచం, కుర్చీ, మళ్ళ మంచం. ఐదేండ్లు గట్లనే గడిచినయి. ఒంట్ల సుగర్ పెరిగింది. డాక్టర్ గట్టిగనే చెప్పిండు: "నడవాలె పెద్దాయనా. కూసుంటె కాళ్ళు పోతయి." తలకాయ ఊపి ఇంటికొచ్చి మళ్ళ మంచమెక్కిండు.

సుమలత జగిత్యాలల హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్నది. దసరా సెలవులకు ఇంటికొచ్చినప్పుడు తాత పక్కన కూసొని ఫోన్ల ఒక పటం చూపెట్టింది. వాళ్ళ క్లాసోళ్ళంత దాన్ని పెట్టుకున్నరట. మనం మన ఊర్లనే రోజూ ఎంత నడిస్తె గంత దూరం పటం మీద మన బొమ్మ జరుగుతదట. కొందరు కాశ్మీర్‌కెళ్ళి కన్యాకుమారికి పోతున్నరట.

"నువ్వు సుత పో తాతా. ఈ పాత ఫోన్ జేబుల పెట్టుకొని మానేరు వంతెన దాంక నడిచి రా. తొవ్వ పొంటి ఫోటోలు సుత చూపెడ్తది. దేశమంత చూడొచ్చు."

బాలకిషన్ శానసేపు ఆ పటాన్ని చూసిండు. "ఏడికెళ్ళైనా మొదలు పెట్టొచ్చా?"

"ఏడికెళ్ళైనా."

"భివండి పెట్టు. భివండికెళ్ళి మనింటికి."

పొయ్యికాడ బియ్యం కడుగుతున్న శారద చెయ్యి ఆగిపోయింది. సుమలత తల్లి దిక్కు చూసింది. శారద బియ్యం గంజుల పోసి మూత పెట్టింది.

మర్నాడు పొద్దుగాల బాలకిషన్ చెప్పులేసుకొని బయటికి పోయిండు. గల్లీల సాంచాలు నడిపేటోళ్ళు వింతగ చూసిండ్లు. మొదట వంతెన మొదటి దాంకనే పోయిండు. వారం తిరిగేసరికి వంతెన దాటి తంగళ్ళపల్లి పోయి రావట్టిండు. ఇంటికొచ్చి కాళ్ళు సుత కడుక్కోకుండ ఫోన్ల ఫోటోలు తీసి, కండ్ల దగ్గరికి పెట్టుకొని చూసేటోడు. పటం మీద కళ్యాణ్ దాటింది. మాల్షేజ్ ఘాట్ ఎక్కి దిగింది బొమ్మ. సుగర్ తగ్గింది. డాక్టర్ మెచ్చుకున్నడు. శారదకు మాత్రం ఆయన నడక చూస్తె పాణం బుగులు బుగులైతుండె. ఒకసారి చెత్త ఎత్తుకుంట వెనుకకెళ్ళి చూసింది. ఫోన్ల రోడ్డు, చెట్లు, ఓ బావి. దాన్ని పెద్దగ చేసి, చిన్నగ చేసి, తల అడ్డంగ ఊపి ముందుకు జరిపిండు. ఆయన దేన్నో దేవులాడుతున్నడని గప్పుడు అర్థమైంది.

చలి ముదిరినంక ఒకనాడు ఇల్లు ఊడుస్తుంటె గచ్చు మీద ఎర్రటి మరకలు కనవడ్డయి. గడప కాడికెళ్ళి కుర్చీ దాంక ఉన్నయి. బాలకిషన్ కుడికాలు బొటనవేలు చెప్పు రాసుకొని పుండయ్యి, నల్లవడ్డది. సుగర్‌కు మొద్దువారిన కాలు, ఆయనకు నొప్పే తెల్వలే. తెలిసినా ఆగేటోడు కాదేమో.

డాక్టర్ కట్టు కట్టి, కాలు కింద పెట్టొద్దన్నడు. ఆ సాయంత్రమే బాలకిషన్ గోడ పట్టుకొని చెప్పులు దేవులాడుతుంటె శారదకు ఐదేండ్ల కోపం ఒక్కపారి వచ్చింది.

"ఎటు పోతున్నవ్ మామా? నీ కొడుకు కాడికా? ఇన్నేండ్లకు యాదికొచ్చిండా?"

"అహమద్‌నగర్ దాటిన బిడ్డా. దగ్గరికొచ్చిన. ఇప్పుడు ఆపుతె ఎట్ల?"

"ఫోనే కదా! వేలుతోని జరిపి చూడు. నడుసుడెందుకు?"

బాలకిషన్ కుర్చీల కూలవడ్డడు. "జరిపి చూసిన. అన్ని తొవ్వలు ఒక్కతీరే కనవడ్తయి. ఊర్ల పేర్లు నాకెరుకలే. ఏ పొద్దు ఎంత నడిచినం, నడిచి ఏడ పండినం, గదే యాదున్నది. గదే తీరుగ నడుస్తెనే ఆ జాగ దొరుకుతది. వాన్ని ఏడ పెట్టిన్నో నువ్వడిగితె చెప్పలేకపోయిన. పొయ్యే ముందు నీకు చూపెడ్దామని."

శారద ఆయన చెప్పులు తీసి అవతల పెట్టింది. మర్నాడు పనికి పోయేముందు పాత ఫోన్ నడుముల దోపుకొని ఆమె వంతెన దిక్కు నడిచింది.

గట్ల మామ తొవ్వను కోడలు అందుకుంది. పొద్దుగాల కొంత, పని నుంచి వచ్చేటప్పుడు ఆటో ఎక్కకుండ కొంత. సాయంత్రం వచ్చి మంచం పక్కన కూసొని ఫోటోలు చూపెట్టేది. ఆయన చెప్పేటోడు. మొదట రెండు ముక్కలు, తర్వాత తర్వాత ఎక్కువ. ఈ పెట్రోల్ బంకుల తాగ నీళ్ళిచ్చిండ్లు. ఇగో ఈడ పోలీసులు కొడితె చేన్ల పడి పోయినం. ఈ మలుపు కాడ సతీశ్ చెప్పు తెగింది, నావి ఇస్తనంటె వద్దన్నడు. తన మొగుని ఆఖరి రోజుల ముచ్చట శారద ఇప్పుడిప్పుడే ఇంటున్నది. కొన్ని మాటలకు నవ్వొచ్చేది. నవ్వినందుకు మళ్ళ ఏడుపొచ్చేది. వంతెన మీద నడిచేటప్పుడు పక్కన సతీశ్ ఒట్టికాళ్ళతోని నడుస్తున్నట్టే ఉండేది.

నడుమల బాలకిషన్‌ను కరీంనగర్ తీస్కపోయిండ్లు. రెండు కాలివేళ్ళు తీసేసిండ్లు. దవాఖాన మంచం మీద పడుకొని సుత "బొమ్మ ఎందాంక వచ్చిందే?" అని అడిగిండు.

పాథర్డి దాటి గేవరాయి రాకముందు, ఒకనాడు ఫోటోల దూరంగ ఒక గుట్ట కనవడ్డది. నెత్తి కోసేసినట్టు చదునుగ ఉన్నది. దాని ముందట రోడ్డు పక్కకు ఎర్రరంగు వేసిన చిన్న హనుమాండ్ల గుడి. బాలకిషన్ ఫోన్ కింద పెట్టి ముఖానికి చేతులడ్డం పెట్టుకున్నడు.

"ఇదేనా మామా?"

"ఇదే. గుడి వెనుక చెరుకుతోట ఉండె. గట్టు మీద చింతచెట్టు. మోషన్లు పెట్టి కడుపు కారి కారి వాని ఒంట్ల నీళ్ళు లేకుంటయినయి. మా ఎంబడున్నోళ్ళు ముందుకు పోయిండ్లు, రోగమని భయపడ్డరు. ఊరోళ్ళు ముళ్ళకంప అడ్డం పెట్టుకున్నరు. పొద్దు తిరిగేసరికి పోయిండు. గడ్డపార ఇచ్చిండ్లు గని తవ్వెటందుకు ఎవ్వలు రాలే. నా ఒక్కని తోని ఎంతయితది బిడ్డా? మోకాలి లోతు తవ్విన. ఇంక శాతగాలే. కుక్కలుంటయని రాళ్ళు పెట్టొచ్చిన. గది నీకెట్ల చెప్పాలె?"

శారద ఆయన చేతిని పట్టుకుంది. ఫోటోల గుడి పక్కపొంటి మన్ను కుప్పలు, ఒక జేసీబీ కనవడ్డయి. ఆమె చూసింది. మామకు చూపెట్టలే.

కామారెడ్డిల రైలెక్కి జాల్నల దిగి, రెండు బస్సులు మారి తల్లీబిడ్డలు ఆ గుడి కాడికి చేరిండ్లు. గుట్ట ఉన్నది. గుడి ఉన్నది. చింతచెట్టు లేదు. గట్టు లేదు. దాని జాగల వెడల్పాటి సిమెంటు రోడ్డు తెల్లగ మెరుస్తున్నది. దాని మీదికెళ్ళి చెరుకు ట్రాక్టర్లు పోతున్నయి. శారద రోడ్డు పక్కన నిలబడ్డది. ఏడ్వాలన్నా ఏ దిక్కు తిరిగి ఏడ్వాల్నో తెల్వలే.

గుడి ముందట ఊడుస్తున్న ఒక ముసలామెను సుమలత తనకొచ్చిన హిందీల అడిగింది. లాక్‌డౌన్, తెలంగాణ, తండ్రి, కొడుకు. ముసలామె చీపురు కింద పెట్టింది. ఆమెకు హిందీ సగమే వచ్చు. చేతులతోని మిగతది చెప్పింది.

ఆ చేను వాళ్ళదేనట. నీళ్ళ బిందె తీస్కపోయి దూరంగ పెట్టొచ్చింది ఆమెనే. మొగుడు దగ్గరికి పోనియ్యలేదట. కొడుకు పాణం పోయినంక సుత ఆ తండ్రి తువ్వాలతోని ఇసురుకుంటనే ఉన్నడట. ఈగలు వాలకుండ. పూడ్చినంక తెల్లారి ఎండెక్కే దాంక ఆడనే కూసున్నడట. ఆయన పోయినంక ఆమె, ఆమె మొగుడు కలిసి ఇంత మన్ను వేసి, కంప కొట్టి మీద కప్పిండ్లట.

"ఇప్పుడేడ?" అని సుమలత అడిగింది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు తన మొగుడే జేసీబీని ఆపిండని చెప్పింది ముసలామె. దొరికిన బొక్కలను గోనెసంచిల కట్టి తీస్కపోయి గోదాట్ల కలిపిండట. దొరికినకాడికి. అన్నీ దొరికినయో లేదో దేవునికెరుక. ఆ మొగుడు సుత పోయినేడు పోయిండు. ముసలామె శారద తలమీద చెయ్యి పెట్టి మరాఠీల ఏదో అన్నది. అర్థం కాలే. శారద ఆమె భుజం మీద తల పెట్టి ఐదేండ్ల ఏడుపంత అక్కడ ఏడ్చింది.

రైల్ల సుమలత మెల్లగ, "అమ్మా, గా గోదావరే మన ధర్మపురికి వస్తది" అన్నది.

"నడుమల ఎన్ని డ్యాములున్నయో బిడ్డా" అన్నది శారద, కిటికీలకెళ్ళి చూసుకుంట.

ఇంటికి పోయి మామకు ఏం చెప్పాల్నో అని దారంత ఆలోచించింది. చెట్టు కింద సల్లగ పండిండని చెప్పొచ్చు. ఆయన పోయి చూసేది లేదు. గని గడప దాటంగనే ఆయన ముఖం చూసి అబద్ధం రాలే. ఉన్నదంత చెప్పింది. రోడ్డు, జేసీబీ, గోనెసంచి. బాలకిషన్ గోడ దిక్కు తిరిగిండు. భుజాలు కదిలినయి.

శారద మంచం పక్కన కూసొని, "నేనొక పాపపు మాట అనుకున్న మామా ఇన్నేండ్లు. పాణముండంగనే ఇడిచిపెట్టొచ్చినవేమోనని" అన్నది.

"నాకెరికే బిడ్డా" అన్నడు ఆయన, గోడ దిక్కే ఉండి. "నువ్వు బువ్వ పెట్టే తీరుల తెలిసేది."

ఎండలు ముదరకముందే పుండు మళ్ళ తిరగవెట్టింది. ఈసారి సగం పాదం తీసేసిండ్లు. ఇంక ఆయన నడక చంకకర్ర మీదనే. గాయం మానినంక తనను ధర్మపురి తీస్కపొమ్మని అడిగిండు. ఐదేండ్ల నుంచి సతీశ్‌కు పిండం పెట్టలే. జాగ తెల్వని చావుకు ఏం పెడ్తమని ఎవ్వలూ ముందుకు రాలే.

ఆటో మాట్లాడుకొని ముగ్గురూ పోయిండ్లు. గోదావరి సన్నగ పారుతున్నది, సగానికి సగం రాళ్ళే తేలినయి. మెట్లు దిగుడు బాలకిషన్ తోని కాలే. పై మెట్టు మీద కూసోబెట్టిండ్లు. పంతులు కర్మ ఎవరు చేస్తరని అడిగితె బాలకిషనే చెప్పిండు.

"వాని బిడ్డ చేస్తది."

సుమలత తడిబట్టలతోని కూసొని, పంతులు చెప్పినట్టల్లా చేసింది. తండ్రి పేరు మొదటిసారి సగమే పలికింది. రెండోసారి చెప్పింది. శారద మోకాళ్ళ లోతు నీళ్ళల్ల నిలబడి అన్నపు ముద్దలు ఇడిచింది. చేపపిల్లలు వచ్చి కొన్ని తిన్నయి, కొన్ని రాళ్ళ సందుల ఆగినయి. ఆమె వంగి వాటిని చేతితోని నీళ్ళల్లకు నెట్టింది.

పైకి వచ్చేసరికి బాలకిషన్ చంకకర్రను గట్టిగ పట్టుకొని లేస్తున్నడు. శారద ఆయన రెండో చంక కింద చెయ్యేసింది.

"మెల్లగ మామా. ఎండ కాలుతున్నది, ఆటో దాంక పోదాం."