అంజినప్ప ఇంటి మూటలు

కమలాక్షి టీచరు రోజూ మదనపల్లెలో ఏడింటి బస్సెక్కి, పుంగనూరులో బస్సు మారి, సదుం దగ్గరి పల్లె బడికి వచ్చేది. ఆ బడికి మరుగుదొడ్డి లేదు. అందుకే పొద్దున అరగ్లాసు కాఫీ తాగితే, సాయంత్రం ఇల్లు చేరేదాకా చుక్క నీళ్లు ముట్టేది కాదు. దీన్ని ఆమె ఇబ్బంది అనుకోలేదు, మనోనిగ్రహం అనుకుంది. పిల్లలెవరైనా చిటికెన వేలు చూపించి ఒంటికి పోతామంటే, "నేను పోతాండానా? కూర్సో" అనేది.

ఆ బడికి వచ్చిన పన్నెండో ఏట మూత్రంలో మంట మొదలైంది. వేడి చేసిందని సబ్జా గింజలు తాగింది. తగ్గలేదు. పది నిమిషాలకోసారి పోవాలనిపించేది, పోతే నాలుగు చుక్కలు. జ్వరం కూడా తగిలాక పుంగనూరులో ఉషా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

డాక్టరమ్మ మూత్రపరీక్ష కాగితం చూసింది. "వేడి కాదు టీచరమ్మా, మూత్రంలో క్రిములు చేరుండాయి. నీళ్లు తాగకుండా, వచ్చింది ఆపుకుంటే అవి బయటికి పోయేదెట్ల?"

"నాకు ఆపుకునే శక్తి ఉండాది మేడం."

"ఆ శక్తే తెచ్చింది దీన్ని. ఏడు దినాలు మాత్రలు వేసుకోవల్ల. మంట పోయిందని నడుమ మానొద్దు. నీళ్లు బాగా తాగి, వచ్చినప్పుడల్లా పోవల్ల. ముదిరి కిడ్నీల దాకా పోతే ఆస్పత్రిలో పడుకోవల్ల."

తిరుగు బస్సులో కమలాక్షికి మాత్రలకన్నా ఇదే చేదుగా ఉంది. తనలో తాను ఇన్నేళ్లు మెచ్చుకున్న గుణం, క్రిములకు నడిపిన ఉచిత హాస్టలు.

రెండు రోజులు సెలవు పెట్టింది. మూడో రోజుకు మంట పోయింది, పాత గర్వం తిరిగొచ్చింది. అయినా భయం కొద్దీ మాత్ర వేసుకుని, చెంబెడు నీళ్లు తాగి బడికొచ్చింది. రెండో పీరియడులో మునీశ్వరి అనే మూడో తరగతి పిల్ల చిటికెన వేలెత్తింది.

"నేను పోతాండానా?" అనబోయి కమలాక్షి ఆగిపోయింది. ఆ ప్రశ్నకు ఆమె ఒళ్లే జవాబు చెబుతోంది. కాసేపు బల్లను పట్టుకుని కూర్చుంది. తర్వాత లేచింది.

"పా మునీశ్వరీ, పోదాం."

బడి ఎదురింటి అంజినప్పకు సర్కారు కట్టించిన మరుగుదొడ్డి ఉంది. అందులో చెనక్కాయ మూటలు పెట్టాడు, మూటల మీద బుట్టలో కోడి గుడ్లు పొదుగుతోంది.

"ఖాళీ చేయల్లంటే అరగంట పడతాది మేడం."

"అంతసేపు ఆగగూడదంట అంజినప్పా. డాక్టరు చెప్పింది" అంటూ ఆమే ఒక మూట చెవులు పట్టి లాగింది. అంజినప్ప సిగ్గుపడి మిగతావి లాగాడు. కోడిని మాత్రం బుట్టతో సహా మునీశ్వరి మోసింది.

కమలాక్షి బయటికి వచ్చేసరికి మునీశ్వరి వెనక పదకొండు మంది, వేళ్లెత్తి, వరసలో నిలబడి ఉన్నారు.

"మూటలు మళ్లా లోపల పెట్టేదా మేడం?" అన్నాడు అంజినప్ప.

కమలాక్షి ఆ వరసను చివరిదాకా చూసింది.

"ఇంకా నాలుగు దినాల మాత్రలుండాయి" అంది. కొంచెం ఆలోచించి, "నీళ్లు మాత్రం ఎప్పటికీ తాగల్లంట" అంది.