ఒక గంట ప్రాయశ్చిత్తం

ఈస్టరుకి ముందు నలభై రోజుల తపస్సు కాలం వచ్చిందంటే ఆ ఇంట్లో పొయ్యి మీద గిన్నెలు పెరుగుతాయి. విభూది బుధవారం నాడు నుదుటి మీద బూడిద రాలకముందే అత్తగారు ఉప్పు మానేశానని చెప్పింది. ఆవిడకో గిన్నె. భర్త మాంసం మానేశాడు. కాకపోతే కూరగాయలే మాంసంలా ఎర్రగా వేగి పంటికి గట్టిగా తగలాలి. ఆయనకో గిన్నె. కూతురు ఫోను మానేసింది. దాంతో తన బట్టలూ పుస్తకాలూ ఇంట్లో ఎక్కడుంటాయో తనకి తెలీదన్న సంగతి ఆ పిల్లకి కొత్తగా తెలిసొచ్చి, పొద్దస్తమానం "అమ్మా" అంటూ వెనకాలే తిరుగుతోంది. ముగ్గురూ దేవుడి కోసం తలా ఒకటి వదిలేశారు. వదిలేసినవన్నీ వచ్చి ఆమె నెత్తిన పడ్డాయి.

"నువ్వేం మానేశావే?" అన్నాడు భర్త, పళ్ళెం ముందు కూర్చుని.

ఆమె గరిటె పట్టుకుని నిజంగానే ఆలోచించింది. నిద్ర ఎప్పుడో పోయింది. వేడివేడిగా తినడం పెళ్ళయిన ఏడాదే పోయింది. "మానేద్దామంటే ఏదీ మిగల్లేదండీ" అంది.

"అదే నీతో వచ్చింది. భక్తి తక్కువ, మాటలెక్కువ."

భక్తి ఆయనకి ఎక్కువే. కాదనడానికి లేదు. శుక్రవారం సాయంత్రాలు చర్చిలో సిలువ మార్గం చదివేది ఆయనే. ప్రభువు సిలువతో మూడోసారి పడిపోయే చోటికొచ్చేసరికి ఆయన గొంతు వణుకుతుంది, ముందు వరసలో ముసలమ్మలు కొంగులు కళ్ళకద్దుకుంటారు. అదే నెలలో ఆమె తడిబట్టల బకెట్టుతో మెట్ల మీద జారిపడితే, "చూసుకుని నడవొచ్చుగా" అని పేపరు తిప్పాడు.

ఆమె బట్టల దుకాణంలో రిపేర్లు కుడుతుంది. కొత్త ప్యాంట్ల పొడుగు తగ్గించడం, చిరిగిన జేబులు మార్చడం, లావెక్కిన వాళ్ళ ప్యాంట్లకి నడుము కుట్లు విప్పి వదులు చెయ్యడం. "నీకేమమ్మా, కూర్చుని చేసే పని" అంటాడు ఓనరు, తను కుర్చీలోంచి లేవకుండానే. ఆ కూర్చుని చేసే పనికి సాయంత్రానికి వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది. అక్కణ్ణుంచి నిలబడి చేసే పనికి ఇంటికొస్తుంది.

అలా వచ్చిన ఒక సాయంత్రం, అత్తగారి గిన్నెలో పొరపాటున ఉప్పు పడింది. ముసలావిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పళ్ళెం తోసేసింది. "నా తపస్సు చెడగొట్టావు కదే!" భర్త తలెత్తకుండా, "మళ్ళీ చేసిపెట్టు, ఎంతసేపు" అన్నాడు. లోపల గదిలోంచి కూతురు, "అమ్మా, నా తెల్ల సాక్స్?" అంది. ఆమె పొయ్యి వెలిగిస్తూ అనుకుంది: ఈ ఇల్లూ, ఈ మనుషులూ ఒక్క గంట లేకుండా పోతే ఎంత బాగుండును. అనుకున్నాక గబగబా సిలువ గుర్తు వేసుకుంది. ఆ పిల్లకి జ్వరమొస్తే రాత్రంతా మరియతల్లి పటం ముందు మోకాళ్ళ మీదుండేది తనే కదా. ఆ నోటితోనే ఇదా?

శనివారం చర్చికి, చేసిన పాపాలు ఫాదరుకి చెప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళింది. పెద్ద ఫాదరుగారికి ఒక చెవి సరిగా వినపడదు. మధ్యనుండే చెక్క జాలీ దగ్గరికి వినపడే చెవి పెడతారు. చెప్పింది. చెబుతుంటే ఏడుపొచ్చింది.

"ఎంతసేపు లేకుండా పోవాలనుకున్నావమ్మా?" అన్నారాయన.

"ఒక గంట ఫాదర్."

"ఏదీ, మళ్ళీ చెప్పు."

"ఒక గంట."

జాలీ అవతల ఆయన తల వాలింది. నిద్రపోయారేమో అనుకుంది. "వాళ్ళెక్కడికీ పోనక్కర్లేదమ్మా. నువ్వే చర్చికొచ్చి ఒక గంట కూర్చో. అదే నీ ప్రాయశ్చిత్తం. జపమాల వద్దు, ఎవరి కోసమూ ఏమీ అడగొద్దు, చేత్తో ఏ పనీ ముట్టుకోవద్దు. ఊరికే కూర్చో."

"ఫాదర్, పెద్ద జపం ఏదైనా ఇవ్వండి. మోకాళ్ళ మీద చెప్పమన్నా చెబుతా. ఇది మాత్రం వద్దు."

"అందుకే ఇచ్చాను" అన్నారు ఆ ముసలాయన, జాలీ అవతల నవ్వుతూ.

అనుకున్నంత పనీ అయింది. ఆదివారం పూజయ్యాక బెంచీ మీద కూర్చుంది. మహిళా సంఘం అధ్యక్షురాలు దారినపోతూ ఆగింది. "ఖాళీగానే ఉన్నావుగా! తపస్సు కాలంలో పునీతుల స్వరూపాలకి కప్పే ఊదా గుడ్డల అంచులు పోయాయి. నీ చేతిలో పనే కదా, దేవుడి పని, చేసిపెట్టు." ఒళ్ళో గుడ్డల మూట పడింది. మరో రోజు దుకాణం నుంచి తిన్నగా వచ్చి చివరి బెంచీలో నక్కితే, పాటలు నేర్పే సిస్టరు పసిగట్టింది. "భలే దొరికావు, ఈ కాగితాలు కాస్త వరసలో పెట్టమ్మా." ఇంకోసారి ఎవరూ లేరు. పావుగంట గడిచింది. స్తంభం మూల బూజు కనపడింది. చూడకూడదనుకుంటూనే చూసింది, చీపురు తెచ్చి దులిపింది. ఆ రోజు మాత్రం తప్పు ఎవరి మీదా వెయ్యలేకపోయింది.

ప్రాయశ్చిత్తం తీరకుండా, పూజలో ఫాదరు నాలుక మీద పెట్టే దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి మనసొప్పలేదు. ఈస్టరుకి వారం ముందు, మ్రానికొమ్మల ఆదివారం, వరసంతా లేచి పీఠం దగ్గరికి వెళితే ఆమె కూర్చుండిపోయింది. ఇంటికొచ్చేసరికి పంచాయితీ సిద్ధంగా ఉంది.

"వరసలో వాళ్ళంతా చూశారు. తల ఎక్కడ పెట్టుకోవాలి?" అంది అత్తగారు.

"ప్రాయశ్చిత్తం అవలేదత్తయ్యా. ఒక గంట కూర్చోమన్నారు."

ముసలావిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "గంటా! ఊరందరికీ మూడు మంగళవార్త జపాలే ఇస్తాడే ఆయన!"

భర్త మొహం రంగు మారింది. ఆ మధ్యాహ్నమే వెళ్ళి తనూ పాపసంకీర్తనం చేసుకొచ్చాడు, ఏమైనా కూపీ దొరుకుతుందని. దొరకలేదు. కానీ గుమ్మంలోంచే, "నాకు మూడే ఇచ్చారు" అన్నాడు, పరీక్ష పాసైన వాడిలా. కాస్త ఆగి గొంతు తగ్గించి, "నిజం చెప్పు. గంట పడేంత పాపం ఏం చేశావు?" అన్నాడు.

పడీపడీ నవ్వాలనిపించింది. ఆయనకి మూడే పడ్డాయట! కానీ ఆ కళ్ళల్లో అనుమానం చూశాక నవ్వు ఎండిపోయింది. ఇన్నేళ్ళు ఆమె చేతి వంట తిన్న మనిషి, ఒక గంట కోసం ఆ చేతినే శంకిస్తున్నాడు. ఇక ఆ గంట తీరితేగానీ ఈస్టరు పండుగ నాడు పీఠం దాకా తలెత్తుకుని నడవలేననుకుంది.

బుధవారం దుకాణంలో సగం పూట సెలవు అడిగింది. ఓనరు ఏదో గొణిగాడు, విననట్టు బ్యాగు తీసుకుంది. చర్చి తాళాలు చూసే ముసలాయన మెట్ల మీద ఎండ కాగుతున్నాడు. పిల్లా పెద్దా అందరికీ తాళాల తాతే.

"తాతా, నన్ను లోపల పెట్టి బయట తాళం వేస్తావా? ఒక్క గంట."

తాత ఆమెని ఎగాదిగా చూశాడు. "ఇన్నేళ్ళుగా తాళం తియ్యమని నా ప్రాణం తీశారు గానీ, వెయ్యమని ఎవ్వరూ అడగలేదు తల్లీ" అన్నాడు. "అయినా రోజూ చూస్తున్నాలే. కూర్చున్న మనిషిని కూర్చోనిస్తేగా వీళ్ళు. పో లోపలికి."

బయట తాళం పడింది. ఆ తర్వాత నిశ్శబ్దం. ఊదా గుడ్డల కింద స్వరూపాలన్నీ ముసుగు తన్ని పడుకున్న పిల్లల్లా ఉన్నాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఒళ్ళో పెట్టుకుంది. అవి కాసేపు కొంగు అంచు తడిమాయి, దారపు పోగు లాగాయి, చివరికి ఊరుకున్నాయి. కూతురి పరీక్షలు బాగా జరగాలని అడగబోయి నాలుక కరుచుకుంది. అత్తగారి మోకాళ్ళ నొప్పులు... ఊహూఁ, అదీ వద్దు. ఎవరి కోసమూ అడగొద్దన్నాక ఇక చెప్పుకోవడానికేముంది? చాలాసేపటికి తెలిసింది, మిగిలింది దండం పెట్టుకోవడమే. సూది పట్టడం నేర్పిన అమ్మకి. పురిట్లో రక్తం ఆగక తను పడి ఉన్నప్పుడు పసిగుడ్డును గుండెకి హత్తుకుని మూడు రాత్రులు కుర్చీలోనే గడిపిన అత్తగారికి, అవును, ఆవిడకే. బయట కాపలా ఉన్న ముసలాయనకి. సగం చెవితో విని, వినపడనిది కూడా అర్థం చేసుకున్న ఆ ఫాదరుకి. ఆ తర్వాత, ఎవరూ చూడటం లేదు గనక, ఒళ్ళో పడుకున్న తన రెండు చేతులకి. సూదిపోట్లు తగిలి తగిలి వేళ్ళ చివర్లు గరుకుగా ఉన్నాయి. వాటిని అలా తీరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో. ఏడుపొచ్చింది, కానీ ఈ ఏడుపు వేరు, కడుపు నిండా తిన్నాక వచ్చే త్రేనుపులా హాయిగా ఉంది.

అప్పుడు బయట భర్త గొంతు. "దుకాణంలో లేదన్నారు. మా ఆవిడ ఇటొచ్చిందా?"

"లోపలుంది."

"తాళం వేసుందేం?"

"ఆవిడే వెయ్యమంది. గంట అవ్వనీ."

తలుపు మీద దబదబా చప్పుడు. "ఏమే! అమ్మకి విడిగా చేసిన కూర ఎక్కడ పెట్టావ్? కనపడి చావట్లేదు!"

కాళ్ళు వాటంతటవే లేచాయి. 'వస్తున్నా' అన్న మాట గొంతు దాకా వచ్చేసింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆ మాట ఆమె నోట్లోంచి ఆమెని అడక్కుండానే వస్తోంది. నిలబడి ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ఒక మూతపెట్టిన గిన్నె. అది వెతుక్కోలేని ఇద్దరు పెద్ద మనుషులు. ఆమె మళ్ళీ కూర్చుంది. బయట ఇంకో రెండు కేకలు వినపడి, ఆగిపోయాయి.

తాత తలుపు తీసేసరికి భర్త మెట్ల మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె మొహం చూసి అరవబోయినవాడు ఆగాడు. ఇద్దరూ వీధి మలుపు దాకా నడిచారు.

"ఇప్పుడైనా చెప్పు" అన్నాడు, ఈసారి నిజంగా భయంగా. "ఏం చేశావు?"

"మీరంతా, ఇల్లంతా, ఒక్క గంట లేకుండా పోతే బాగుండునని కోరుకున్నానండీ."

ఆయన నడక ఆగిపోయింది. వేరే మగాడెవడో ఉంటాడని కాచుకున్నవాడికి, తనే దొరికాడు. "ఇంకెప్పుడూ అలా అనుకోవుగా?" అన్నాడు.

"అనుకోను" అంది ఆమె, ఎంతో మెత్తగా. "మీరందరూ ఉండండి. బుధవారాలు ఒక గంట నేనే ఉండను."