గోదెలీవ్ మోకాళ్ళు

ఆ ఆదివారం గోదెలీవ్ ఎలాగైనా సైకిలు తొక్కి తీరాలి. లేకపోతే ఆమె పేరు సూపు వాళ్ళ వరుసలోకి పోతుంది.

సైక్లింగ్ క్లబ్బు వాళ్ళు కలుసుకునే కెఫేలో గోడకి ఒక చెక్క పలక ఉంది. ఎడమవైపు తొక్కేవాళ్ళ పేర్లు, కుడివైపు సూపు వాళ్ళ పేర్లు, ఒక్కొక్కటీ చిన్న ఇత్తడి రేకు మీద. ఏటా క్రిస్మస్‌కి ముందొచ్చే ఆదివారం తొక్కేవాళ్ళందరూ సైకిళ్ళ మీద వుల్వెన్ గుట్ట ఎక్కి దిగి కెఫేకి చేరాలి. అక్కడ పెద్ద గిన్నెతో బఠాణీ సూపు సిద్ధంగా ఉంటుంది. వరసగా మూడేళ్ళు రాని మనిషి రేకును, ఆ గిన్నె ఖాళీ కాగానే కుడివైపుకి మార్చేస్తారు. ఆపైన కారులో వచ్చి సూపు తాగి పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఆ ఏమీ అనకపోవడమే గోదెలీవ్‌కి గుండెల్లో గుచ్చుకునేది. కుడివైపుకి పోయిన రేకు మళ్ళీ ఎడమకి వచ్చిన దాఖలా ఇంతవరకూ లేదు.

ఆమె ఇప్పటికి రెండేళ్ళు తప్పింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు సైకిలు మీద ఊరూరా ఉత్తరాలు పంచిన మోకాళ్ళు అవి. ఎండాకాలం బుద్ధిగానే ఉంటాయి. నవంబరు గాలి తగిలిందంటే చాలు, మొండికేస్తాయి. మొగుడు ఫిర్మిన్ ఆరేళ్ళుగా కుడివైపే ఉన్నాడు. ఆయనదీ మోకాళ్ళ బాధే, కాకపోతే ఆయన పోట్లాడకుండానే లొంగిపోయాడు.

"నా పక్క కుర్చీ ఖాళీయే. సూపు వేడిగా ఉంటుంది, గాలుండదు. ఎందుకే నీకీ తంటా?" అని వారం రోజులుగా ఒకటే పాట.

"నీ కుర్చీలో నువ్వే కూర్చో. నేనింకా బతికే ఉన్నాను," అంది గోదెలీవ్.

మొదటి ఏడాది ఉన్ని మేజోళ్ళు తొడిగింది. అవి వానకి తడిసి బరువెక్కి, మూడో మైలుకల్లా మడమల దాకా జారాయి. రెండో ఏడాది విడి మోకాలి తొడుగులు కొంటే, వాటి పట్టీ తొడను పట్టుకుని కాలికి తిమ్మిరెక్కించింది. రెండుసార్లూ దారి మధ్యలోనే ఇంటికి తిరిగింది. ఈసారి మాత్రం తెలిసినవాళ్ళని అడక్కుండా కొననని ఒట్టేసుకుని, గురువారం పొద్దున్నే, సైకిలు సామాన్లు అమ్మే వేర్ల అనే ఆవిడ అంగడికి వెళ్ళింది.

వేర్ల ఒకప్పుడు పందేల్లో తొక్కిన మనిషి. నోరు కాస్త పెద్దది.

"మదామ్, నొప్పి ఎక్కడ? చిప్ప ముందా, వెనకా?"

"ముందే. ఎదురుగాలికి తొక్కినప్పుడు ప్రాణం పోతుంది."

"అయితే మీకు కావలసింది మందం కాదు, గాలిని ఆపేది," అని వేర్ల మూడు జతల సైకిల్ టైట్స్, కాళ్ళకి అతుక్కునే పొడుగు లాగులు, తెచ్చి బల్ల మీద పడేసింది.

మొదటి జత దుప్పటంత మందం. కాలు మడిచేసరికి మోకాలి వెనక గుడ్డ ముద్దకట్టింది. రెండోది వేసుకుని గోదెలీవ్ అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. కాళ్ళు పదేళ్ళు చిన్నవైపోయినట్టు కనిపించాయి. ఆమె మొహం వెలిగిపోయింది.

"అద్దం ముందు నిలబడి కొనేది పెళ్ళి గౌను," అంది వేర్ల. "ఇది కూర్చుని కొనాలి. ఎక్కండి."

అంగడి మధ్య స్టాండుకి బిగించిన సైకిలు ఎక్కించింది. పది తొక్కులు తొక్కేసరికి ఆ అందాల గుడ్డ మోకాలి చిప్పను లోపలికి నొక్కేయడం మొదలుపెట్టింది. గోదెలీవ్ మూతి ముడుచుకుని దిగింది.

మూడోది చూడ్డానికి ఏమంత బాగాలేదు. మోకాలి దగ్గర ముందే వంచి కుట్టారు. విడిగా పట్టుకుంటే ఎవరో కూర్చుని లేచి వదిలేసినట్టుంది. ముందువైపు గాలి దూరని గుడ్డ, లోపల మెత్తటి నూగు, మోకాలి వెనక పలచన, జారకుండా భుజాల మీదికి పట్టీలు. గోదెలీవ్ ఎక్కి తొక్కింది. వేర్ల తలుపు తెరిచింది. డిసెంబరు గాలి నేరుగా వచ్చి మోకాళ్ళకి కొట్టింది. వాటికి ఏమీ తెలియలేదు.

"అయ్యబాబోయ్!" అని అరిచింది గోదెలీవ్. ఇంకా తొక్కింది. ముగ్గురు కొనేవాళ్ళు వచ్చి నిలబడ్డా ఆపలేదు.

"దిగండి మదామ్, గోడ దాటేసేలా ఉన్నారు! ఇదొక్కటీ చాలు మీకు, ఇంకేమీ అక్కర్లేదు."

ఆ చివరి మాట చెవికెక్కించుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఆదివారం పొద్దున్న రెండు డిగ్రీలు, పడమటి గాలి, సన్నటి జల్లు. గోదెలీవ్ పండగనాటి పిల్లలా అందరికన్నా ముందు లేచింది. స్నానాలగదిలో ఫిర్మిన్ పందేలనాటి మలాం డబ్బా కనబడింది. ఆ ఘాటు వాసన తగిలితే చాలు, ఆ చుట్టుపక్కల ఎవరికైనా ఒంట్లో పందెం పూనుతుంది. మంచికి మంచి తోడైతే చెడిపోయేదేముందని రెండు మోకాళ్ళకీ దట్టంగా పట్టించి, పైన టైట్స్ తొడిగింది. బోసి కాళ్ళతో గాలిలో తొక్కేవాళ్ళకి వేడి పుట్టించడం కోసం తయారైన మలాం అది. గాలి దూరని గుడ్డ కింద పెడితే ఊరుకుంటుందా?

మొదటి అరగంట స్వర్గమే. తొమ్మిదిమందిలో ముందుకి దూసుకుపోయింది.

"ఏం గోదెలీవ్, మోటారు పెట్టించావా?" అని వెనకనుంచి కేకేశాడు క్లబ్బు పెద్ద ఆహిల్.

"రెండు పెట్టించా! మోకాలికొకటి!"

ఆ నవ్వు పూర్తికాకముందే మంట మొదలైంది. పచ్చిమిరపకాయలు నూరి కట్టు కట్టినట్టు మండింది. పళ్ళు బిగపట్టి ఇంకో మైలు తొక్కి, ఇక తన వల్ల కాక దిగిపోయింది. "మీరు పొండి, వస్తా!" అంది. చెమటతో ఆగితే చలి పట్టేస్తుంది గనక చలికాలంలో ఎవరూ ఎవరికోసం ఆగరు. వెళ్ళిపోయారు.

పక్కనే ఒకప్పుడు ఆమె ఉత్తరాలు వేసిన పాడిరైతు ఇల్లు. ఇంటావిడ రబ్బరు బూట్లతో పశువుల కొట్టంలో ఉంది. వాసన చూడగానే పకపకా నవ్వింది.

"మా ఆయనా ఓసారి చేశాడమ్మా ఈ ఘనకార్యం! నీళ్ళు మాత్రం పొయ్యకు, రెట్టింపవుతుంది. పాలు తెస్తానుండు."

భుజాల మీది పట్టీలు దించాలంటే కోటు, చొక్కా అన్నీ విప్పాలి. పన్నెండు ఆవులు నెమరు ఆపి చూస్తుండగా, గోదెలీవ్ బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని పాలలో ముంచిన గుడ్డతో మోకాళ్ళు తుడిపించుకుంది. తుడిచినకొద్దీ మంట దిగింది. చలికి వణుకుతూ, నవ్వుతూ, ఏడుస్తూ మళ్ళీ అన్నీ తొడుక్కునేసరికి పదకొండున్నర దాటింది. గుట్ట ఇంకా ముందే ఉంది.

ఒంటరిగా ఎక్కింది. రాళ్ళు తడిసి జారుతున్నాయి. గాలి ఎదురు. సగం గుట్ట ఎక్కాక, మోకాళ్ళ సంగతే తాను మరిచిపోయినట్టు ఆమెకి తట్టింది. రెండేళ్ళుగా రాత్రీ పగలూ తలచుకున్న మోకాళ్ళు! "వస్తున్నా!" అని ఎవరూ లేని పొలాల మీదికి అరిచింది. కాలు కిందపెట్టకుండా పైకి చేరింది.

కెఫే చేరేసరికి ఒంటిగంట కావస్తోంది. సూపు ఈపాటికి ఎప్పుడో అయిపోయి ఉంటుంది. బురద మొహంతో, కుంగిన మనసుతో తలుపు తోసింది.

లోపల గోలగోలగా ఉంది. ఫిర్మిన్ సూపు గిన్నెను పొట్టకి హత్తుకుని, మూత మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు.

"ఒక్క గరిటె సూపుకి ఇంత యుద్ధమేమిటయ్యా?" అంటున్నాడు ఆహిల్.

"గిన్నె ఖాళీ కాలేదు! ఖాళీ అయ్యేదాకా నా పెళ్ళాం రేకు ముట్టుకున్నవాడి చేతులు విరిచేస్తా!"

అంతలో ఆమెను చూశాడు. అడుగున మిగిలిన సూపు గిన్నెలోంచి కప్పులోకి వంచి ఇచ్చాడు. చల్లారి చిక్కబడింది. గోదెలీవ్ నిలబడే గటగటా తాగేసింది.

ఫిర్మిన్ వంగి ఆమె మోకాలి దగ్గర గుడ్డను వేళ్ళతో పట్టి చూశాడు. ముక్కు చిట్లించాడు.

"నా మలాం రాశావా?"

"రాశాను. తిట్టకు, ఆవులు కూడా నవ్వాయి."

ఆయన ఆ గుడ్డనే మళ్ళీ తడిమాడు.

"ఇవి... మగవాళ్ళవి కూడా దొరుకుతాయా?"

గుట్టమీద కూడా కలగనంత సంతోషం గోదెలీవ్ ఒళ్ళంతా పాకింది. కప్పు బల్లమీద పెట్టి ఆహిల్ వైపు తిరిగింది.

"కుడివైపు రేకు ఎడమవైపుకి తేవాలంటే ఏం చెయ్యాలి?"

ఆహిల్ పలకవైపు చూసి తల గోక్కున్నాడు.

"ఏమో గోదెలీవ్, ఇంతవరకూ ఎవరూ అడగలేదు," అన్నాడు.