నలభై రెండు రోజులు

మూడో విజిల్ రాగానే కుక్కరు దించమని మా అత్త హాల్లోంచి చెప్పింది. నేను స్టవ్ ఆర్పాను. కుక్కరు మాత్రం దించలేదు. ఆపరేషనై అప్పటికి పదకొండు రోజులు. ఆరు వారాల పాటు రెండు కేజీలకు మించి ఎత్తకూడదు, చేతులు భుజాలకన్నా పైకి లేపకూడదు. పప్పూ నీళ్ళూ కలిపి ఆ కుక్కరు ఎంత బరువుంటుందో నాకు తెలుసు.

మా అత్త కమలమ్మ వంటింట్లోకి వచ్చి కుక్కరు వంకా నా వంకా చూసింది.

"బరువు తగ్గించుకుంటివి గదా. తేలిగ్గా అయింటావు. ఇప్పుడు నీకు కుక్కరు బరువైతాండాదా?"

తనే దించుకుని, గిన్నెలు గట్టిగా పెడుతూ పప్పు ఎనిపింది. నేను కొత్తిమీర తుంచుతూ నిలబడ్డాను. నలభై ఏళ్ళ దాన్ని, తప్పు చేసిన పిల్లలా.

పదమూడో ఏట మొదలైంది నా రొమ్ముల బరువు. ఓణీకి రెండు పిన్నులు, పుస్తకాలు ఎప్పుడూ గుండెలకు ఆనించుకుని నడక. ఏఎన్ఎం నర్సు ఉద్యోగం వచ్చి, ఆళ్లగడ్డ నుంచి పన్నెండు కిలోమీటర్ల దూరంలోని పల్లెకు స్కూటీ మీద తిరగడం మొదలుపెట్టాక స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే చాలు, ముందు టీ కొట్టు దగ్గర ఎవరున్నారో చూసుకునేదాన్ని. ఒకసారి మీటింగులో యూనిఫాం చీరలు పంచుతూ సూపర్‌వైజరు నన్ను చూపించి, వాణికి రెండు జాకెట్ల గుడ్డ ఇవ్వండి అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా అతని మీద కన్నా నా మీదే నాకు ఎక్కువ కోపం వచ్చేది. బ్రా పట్టీలు దిగబడి భుజాల మీద వేలు పట్టేంత గాడి పడింది. ఎండాకాలం రొమ్ముల కింద చర్మం ఒరుసుకుపోయి రక్తం వచ్చేది. మెడనొప్పి సంగతి సరే, పొద్దున లేచేసరికి చేతులు తిమ్మిరెక్కి దువ్వెన కూడా పట్టు దొరికేది కాదు.

తగ్గించే ఆపరేషన్ ఒకటుందని, కర్నూలులో చేస్తున్నారని మా ఆయన నరేంద్రకు చెప్పినప్పుడు ఆయన శనగ విత్తనాల సంచి కుట్టు విప్పుతున్నాడు. తలెత్తకుండానే అన్నాడు: "దేవుడిచ్చిందాన్ని కోయిచ్చుకుంటావా? నాకేమీ ఇబ్బంది లేదు గదా."

ఆయనకు ఇబ్బంది లేదు. నిజమే. ఆ మాటలో తప్పేముందో ఆయనకు నిజంగానే తెలియలేదు. నాకు మాత్రం ఆ రోజే తేలిపోయింది, ఇది ఎవరినీ అడిగి చేయించుకునేది కాదని. నేను దాచుకున్న డబ్బుతో మా అమ్మను వెంటపెట్టుకుని కర్నూలు వెళ్ళాను. కౌంటరులో భర్త సంతకం ఏదని అడిగితే, పేషెంటును నేనని చెప్పి నా సంతకం పెట్టాను. రెండు వైపులా కలిపి కేజీన్నర తీశారు. మత్తు దిగాక నాకు తెలిసిన మొదటి సంగతి నొప్పి కాదు. ఊపిరి పొట్టదాకా దిగుతోంది.

ఇంటికొచ్చాక తెలిసింది, నాకు గాల్ బ్లాడర్‌లో రాళ్ళు తీశారని నరేంద్ర ఊరంతా చెప్పాడని.

పద్నాలుగో రోజు చేలో శనగ కోత. పదిహేను మంది కూలీలకు అన్నం పంపాలి. అత్తకు మోకాళ్ళ నొప్పి. మా మామ సుబ్బయ్య, నరేంద్ర చేలో ఉన్నారు. ఇంటర్ చదివే మా అమ్మాయి వర్షిణి కాలేజీకి పోయింది. పెద్ద డేక్సాలో అన్నం ఉడికింది, గంజి వంచాలి. "ఒక్క పక్క పట్టుకోమ్మా, నేనొక పక్క పట్టుకుంటా" అంది అత్త. ఆ గొంతులో ఈసారి ఎత్తిపొడుపు లేదు, నిజంగానే ఆమెకు వేరే దిక్కు లేదు. నేను పట్టుకున్నాను. డేక్సా లేచింది, ఎడమ రొమ్ము కింద ఏదో చిటుక్కుమంది.

బాత్‌రూంలో, ఆసుపత్రిలో ఇచ్చిన బిగుతు బ్రా విప్పి చూసుకుంటే తడి. కుట్లు మూడువైపుల నుంచి వచ్చి కలిసేచోట మినపగింజంత విడిపోయింది. ఎందరి గాయాలో కడిగిన చేత్తోనే నా గాయం తుడుచుకున్నాను. ఫొటో తీసి, ఆపరేషన్ చేసిన డాక్టర్ సాయి ప్రియకు పంపాను. ఆమె వెంటనే ఫోన్ చేసింది. చిన్నదే, డ్రెస్సింగుతో మానిపోతుంది, భయం లేదు అంది. బరువేమైనా ఎత్తారా అని అడిగింది. ఎత్తానన్నాను.

"మీరే ఏఎన్ఎం కదండీ" అంది, మెల్లగా.

ఆ మాటకు నాకు మా పల్లెలో ఆడవాళ్ళందరూ గుర్తొచ్చారు. సిజేరియన్ అయినవాళ్ళు, గర్భసంచి తీయించుకున్నవాళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా వాళ్ళ మంచాల పక్కన నిలబడి, ఆరు వారాలు బరువెత్తొద్దమ్మా అని అదే పాట పాడాను. వారం తిరక్కుండా వాళ్ళు బట్టల మూట నెత్తిన పెట్టుకుంటారని నాకు తెలుసు. తెలిసీ, రిజిస్టరులో సలహా ఇచ్చినట్టు రాసుకుని స్కూటీ ఎక్కేదాన్ని. చెప్పడం నా డ్యూటీ, మోయడం వాళ్ళ తలరాత అనుకునేదాన్ని. నేను కూడా పద్నాలుగు రోజులకే డేక్సా ఎత్తాను.

వర్షిణి కాలేజీ నుంచి రాగానే బ్యాగు సర్దమన్నాను. మీ నాయన వండాలి, నువ్వు నీ చదువు మానుకుని నా చోట్లో నిలబడొద్దు అని దానికి గట్టిగా చెప్పాను. అది బ్యాగు మోసుకొచ్చి నన్ను నంద్యాల బస్సెక్కించింది. ముందు సీట్లో కూర్చుని, మడతపెట్టిన టవల్ గుండెలకు ఆనించి పట్టుకున్నాను. శిరివెళ్ల దాటేదాకా ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తలేదు.

మా అమ్మ రామలక్ష్మమ్మ నంద్యాల బస్టాండుకే వచ్చి బ్యాగు అందుకుంది. మూడు దిండ్లు ఎత్తుగా వేసి వెల్లకిలా పడుకోబెట్టింది. పొద్దున రెండు గుడ్లు, సాయంత్రం ఉడికించిన చెనక్కాయలు. తలకు తనే నీళ్ళు పోసేది. రోజూ నాతో వీధి చివరిదాకా నడిచేది, మొదట్లో పది నిమిషాలు, తర్వాత అరగంట. డ్రెస్సింగ్ మార్చుకునేటప్పుడు మొదటి రెండు రోజులూ తలుపు వేసుకున్నాను. మూడో రోజు అమ్మ తలుపు తోసుకుని లోపలికొచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని నిదానంగా చూసింది. కమిలిన చోటు, ఎర్రటి గీతలు, చిన్నవై పైకి నిలబడిన నా రొమ్ములు.

"బాగుండాయి" అంది. కళ్ళద్దాలు తీసి, "నిన్ను కన్నాక ఆపరేషన్ చేసి నాకూ చెప్పినారు, ఎత్తొద్దని. వింటి గానీ, చేసేదెవురు? ఆరో దినం కళ్ళంలో ఉంటిని. ఇప్పటికీ వంగితే ఆడ లాగతాది" అంది.

అమ్మకు నొప్పి ఉందని నలభై ఏళ్ళకు తెలిసింది నాకు. డ్రెస్సింగ్ గుడ్డ నా చేతిలోంచి తీసుకుని ఆమే అంటించింది.

గాయం ఎనిమిది రోజుల్లో పూడింది. కుడివైపు చర్మానికి స్పర్శ ఇంకా పూర్తిగా రాలేదు, ఏడాది పట్టొచ్చన్నారు. గీతలు కూడా ఉంటాయి. ఒకరోజు స్నానం చేసి అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. వెన్ను నిటారుగా ఉంది. నేను ఇంత పొడుగని నాకెప్పుడూ తెలియదు. ఇన్నేళ్ళలో నా ఒంటిని చూసి గర్వం కలగడం అదే మొదలు, అందుకు సిగ్గు కూడా వేయలేదు.

ఇరవై ఆరో రోజున నరేంద్ర వచ్చాడు. మంచం అంచున కూర్చుని టీ తాగాడు. అన్నం మాడ్చానని, వర్షిణి నవ్విందని చెప్పాడు. వాళ్ళమ్మకు మోకాళ్ళు పట్టేశాయని, ఇంక వస్తే బాగుంటుందని చెప్పాడు. నలభై రెండు రోజులూ అయ్యాకే వస్తానన్నాను.

"జనాలు అడుగుతాండారు. రాళ్ళు తీసినదానికి ఇన్ని దినాలా అని. ఏం చెప్పాల?"

"రొమ్ములు తగ్గించుకుందని చెప్పండి."

ఆయన ముందు తలుపు వైపు చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. ఎవరూ లేరు. గ్లాసు కింద పెట్టి నన్ను చూశాడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన నన్ను అలా మొహంలోకి చూసింది తక్కువ.

"భుజాల నొప్పి తగ్గిందా?" అని అడిగాడు.

"మొత్తం పోయింది."

"నువ్వెప్పుడూ చెప్పలేదు, అంత నొప్పి అని."

చాలాసార్లు చెప్పానన్నాను. ఆయన తల దించుకున్నాడు. పోయేటప్పుడు, గ్లాసు తనే కడిగి బోర్లించి పోయాడు. నేను ఆపలేదు, మెచ్చుకోలేదు.

నలభై మూడో రోజు డ్యూటీలో చేరాను. కొత్త జాకెట్టు, నా కొలతకు కుట్టించింది. స్పీడ్ బ్రేకర్ల మీద స్కూటీ మామూలుగా దూకింది. టీ కొట్టు దగ్గర ఎవరున్నారో చూడటం మరిచిపోయాను.

మొదటి ఇల్లు లావణ్యది. సిజేరియనై తొమ్మిది రోజులు. నేను వెళ్ళేసరికి ఆ పిల్ల ఒక చేత్తో పొట్ట అదిమిపట్టుకుని, నిండు బిందె చంకనెత్తుకుని వాకిట్లోకి వస్తోంది. నన్ను చూసి గడప దగ్గర దించేసింది. అరుగు మీద దాని అత్త, లోపల ఫోన్ చూసుకుంటూ మొగుడు అజయ్ కుమార్.

ఆరు వారాలు బరువెత్తకూడదని చెప్పాను. అత్త నవ్వింది. "అదంతా చెప్పేదానికే గదమ్మా. యాడన్నా జరుగుతాదా?"

"జరుగుతాది. నాకూ ఆపరేషనయింది, నేను చేసినాను" అన్నాను.

ఏం ఆపరేషనని అడిగింది ఆమె. రొమ్ములు బరువై వెన్ను విరిగిపోతుంటే తగ్గించుకున్నానని, నలభై రెండు రోజులు ఏమీ ఎత్తలేదని, ఒక్కరోజు ఎత్తితే కుట్టు తెగిందని చెప్పాను. గొంతు తగ్గించలేదు. ఆమె నవ్వడం ఆపింది. లోపల ఫోన్ చప్పుడు ఆగింది. లావణ్య నా భుజాల వైపు, నా జాకెట్టు వైపు చూసి, మళ్ళీ నా మొహంలోకి చూసింది.

"మీ ఇల్లు ఎట్ల నడిచిందక్కా?" అని అడిగింది, ఎవరికీ వినబడనంత నెమ్మదిగా.

"నడిచింది" అన్నాను, అందరికీ వినబడేలా.

లావణ్యను మంచం మీద పడుకోమన్నాను. బీపీ చూశాను, కుట్లు చూశాను, బిడ్డను తూచాను. రిజిస్టరులో రాయాల్సిందంతా రాశాను. ఇంకా తొమ్మిది ఇళ్ళు తిరగాలి. బిందె మాత్రం గడప దగ్గరే ఉంది. దాన్ని ఎవరు లోపలికి తీసుకెళ్తారో చూద్దామని, రిజిస్టరు మూసి ఆ మంచం మీదే కూర్చున్నాను.