మనీషా పేరు మీద

"నీ పేరు మీదనే పెట్టిన," అన్నాడు సంతోష్, రొట్టె తుంచుతూ. గోదాంకు కంప్యూటర్ వస్తోందనీ, సరుకంతా అందులో ఎక్కించాలనీ, ఎక్కించే మనిషిగా మనీషా పేరే రాయించాననీ చెప్పాడు. ఆమె పెనం మీది జొన్నరొట్టె తిప్పడం మరిచిపోయింది. అది కాస్తా మాడింది. "సోయి యాడున్నది?" అంది అత్త బాలమణి, బీడీ ఆకు కత్తిరిస్తూ. మాడిన రొట్టెను మనీషానే తినేసింది. ఎప్పుడూ తినేదే గానీ, ఆ పూట మాత్రం రుచిగా అనిపించింది.

అనిపించదా మరి. పెళ్లయి పద్నాలుగేళ్లు. దాజీ పేట్‌లో ఇంటెడు చాకిరీ ముగించుకొని, నీలం నగర్ గోదాంకు పోయి, పవర్‌లూమ్ కార్ఖానాలు పనికిరావని పక్కన పడేసిన టవళ్లూ చద్దర్లూ ఏరి, చిరుగులు కుట్టి, మూటలు కట్టడమే ఆమె బతుకు. రేపు ఏ సరుకు వస్తుందో ఇవాళ తెలియని వ్యాపారం. ఒకనాడు అంచులూడిన టవళ్లు దిగుతాయి, ఇంకోనాడు రంగు అంటుకున్న చద్దర్లు. ఏది ఏ మూటలో ఉందో తెలిసింది ఆమె ఒక్కదానికే. అయినా బయటి వ్యాపారి ఎవరైనా ఆమె ఎవరని అడిగితే సంతోష్ "ఇంట్లామెనే, ఊకె టైంపాస్‌కు వస్తది" అనేవాడు. ఒకసారి ఇంటింటికీ వచ్చి వివరాలు రాసుకునే మేడం, కోడలేం పని చేస్తుందని అడిగితే, బాలమణి "ఏం జెయ్యది, ఇంట్లనే ఉంటది" అని రాయించింది. అప్పుడు మనీషా పక్కనే కూర్చొని టవల్ అంచు కుడుతోంది. ఆ మేడం కూడా చూసీ చూడనట్టే రాసుకుపోయింది.

సోమవారం ఋతుజ వచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన పిల్ల, చలాకీది. మూటలు చూసి తల పట్టుకుంది. "కాకూ," అంది, మరాఠీలో పిన్నీ అన్నట్టు. "ఒక్కటి గూడ ఇంకోదాని లెక్క లేదు. పేరు లేంది మెషీన్ తీస్కోదు. ఎట్ల జేద్దాం?"

"పేర్లున్నయి," అంది మనీషా కొంచెం సిగ్గుపడి. "నేనే పెట్టుకున్న."

చెప్పింది. నేస్తుండగా కరెంటు పోయి, మళ్లీ రాగానే బట్టకు అడ్డంగా పడే చార 'కరెంటు గీత'. పోయిన శ్రావణంలో తడిసి మరక పడ్డది 'వానమాలు'. ఒక అంచు పొడుగు, ఒకటి పొట్టి అయితే 'కుంటిది'. ఋతుజ నవ్వుకుంటూ అన్నీ అవే పేర్లతో ఎక్కించింది. మొత్తం నలభై ఒక్క రకాలు. తన నోటి మాటలు తెర మీద వరసగా నిలబడితే మనీషాకు కళ్లు చెమర్చాయి. "ఇంకో సంగతి," అంది ఋతుజ. "ఎవరు రాస్తే వాళ్ల పేరు పడ్తది. తర్వాత మార్చినా, ఎన్నడు ఏం మార్చినమో అంత ఉంటది. సేఠ్ తుడుస్తనన్నా పోదు. పాస్‌వర్డ్ నీ ఒక్కదానికే ఎరుక."

పాత చేనేత మనిషి పోచయ్య, మడత పెడుతున్న చద్దర్ ఆపి, "ఇగ మన మనీషా సాహెబ్ అయింది" అని మురిసిపోయాడు. మగ్గం మూలపడ్డాక ఆయనకు ఇల్లూ వాకిలీ ఈ గోదామే. రోజూ పొద్దుగూకేసరికి సంతోష్ షట్టర్ దించి బయట తాళం వేస్తాడు. ముసలాయన లోపల మూటల మీద పడుకుంటాడు.

బుధవారం సంతోష్ వచ్చి తెర చూశాడు. "ఇదేంది, కుంటిది, గుడ్డిది? అంత ఫస్ట్ క్వాలిటీ అని మార్చు. నూరుంటే మున్నూరు రాయి."

"లేని మాలు ఎట్ల రాయాలె?"

"కొత్త ఇన్సూరెన్స్ తీసిన. వాళ్లకు గట్లనే పంపాలె. నీకు సమజ్ గాదు, చెప్పింది చెయ్."

చేసింది. పద్నాలుగేళ్లుగా చెప్పింది చేసిన వేళ్లు వాటంతట అవే కదిలాయి. సాయంత్రం అతను ఎన్నడూ లేనంత మెత్తగా మాట్లాడాడు. "శనివారం అందరం తుల్జాపూర్ పోదం. రాత్రి ఆడనే ఉందం. నువ్వు గూడ అలిసిపోయినవ్." పెళ్లయ్యాక ఆమె అలసట అతనికి కనబడడం అదే మొదలు. అయినా ఎందుకో సంతోషం కలగలేదు. పోయినేడు పక్క గల్లీలో ఒక షెడ్డు కాలిపోయింది. ఆ యజమాని ఇన్సూరెన్స్ డబ్బుతో కొత్త షెడ్డు కట్టినప్పుడు, సంతోష్ అన్నం తింటూ అన్న మాట గుర్తుకొచ్చింది. "తెలివిగల్లోడు."

ఛీ, కట్టుకున్నవాణ్ణి అంత మాట అనుకుంటారా అని తనను తానే తిట్టుకుంది.

శనివారం పొద్దున గోదాం ఊడుస్తుంటే గోడ మీద తెల్లటి చదరం కనిపించింది. మార్కండేయ మహాముని పటం ఉండే చోటు అది. సంతోష్ తాత తెలంగాణ నుంచి నెత్తిన పెట్టుకొని తెచ్చిన పటం. "నిన్న సేఠే తీస్కపోయిండు బిడ్డా," అన్నాడు పోచయ్య. "అద్దం పలిగిందట, బాగు చేపిస్తనన్నడు."

అద్దం పగల్లేదు. గురువారం పొద్దున తానే తుడిచింది. మనీషా ఆటో ఎక్కి ఇంటికి పోయింది. బాలమణి బీడీలు అప్పగించడానికి పోయినట్టుంది, ఇంట్లో ఎవరూ లేరు. బియ్యం డబ్బా వెనక, కొత్త చద్దర్‌లో చుట్టి, పటం దొరికింది. అద్దం మీద గీత కూడా లేదు.

ఆమె పటం పట్టుకొని అక్కడే నేల మీద కూర్చుంది. ఎంత భక్తి! గోదాం కాలినా కులదేవుడికి సెగ తగలకూడదని తీసుకొచ్చి భద్రంగా దాచుకున్నాడు. పోచయ్య మాత్రం అతనికి గుర్తుకే రాలేదు. లేక గుర్తొచ్చీ వదిలేశాడా? అంతా అయ్యాక ఎవరైనా వచ్చి అడిగితే, ఆ దొంగ లెక్కలన్నిటి పక్కనా ఉండేది ఒక్కటే పేరు. ఈ ఇంట్లో ఏ కాగితం మీదా లేని పేరు, మొదటిసారి రాయించింది అందుకన్నమాట.

కాసేపటికి లేచి, పటాన్ని చంకన పెట్టుకొని మళ్లీ గోదాంకు వచ్చింది. పాత మేకుకే తగిలించింది. కంప్యూటర్ ముందు కూర్చొని ఒక్కొక్కటే మార్చింది. మున్నూరును నూరు చేసింది. ఫస్ట్ క్వాలిటీ తీసేసి కరెంటు గీత, వానమాలు, కుంటిది అని రాసింది. అన్నీ అయ్యాక, కింద ఇంకేమైనా చెప్పాలంటే రాసే ఖాళీ గడిలో ఇంకో మాట చేర్చింది: పోచయ్య, డెబ్బై ఏళ్లు, రోజూ రాత్రి లోపలనే పండుకుంటడు, తాళం బయటి నుంచి ఏస్తరు. ఋతుజ చూపించిన మీట నొక్కి ఇన్సూరెన్స్‌వాళ్లకు పంపించింది.

మధ్యాహ్నం సంతోష్ ఫోన్ చేశాడు. "బండి వచ్చింది. యాడున్నవ్?"

"గోదాంల. తుల్జాపూర్‌కు మీరు పోయి రాండ్రి. నేను ఈడనే ఉంట, పోచయ్య తాతతోని. దేవుణ్ణి గూడ తెచ్చి మల్ల ఇక్కడనే పెట్టిన."

ఎందుకని అడుగుతాడేమో, పిచ్చిదానివని తిడతాడేమో, తనే తప్పుగా అనుకుందేమో. ఆ ఒక్క ఆశతో ఆమె ఫోన్ చెవికి నొక్కుకొని నిలబడింది.

"ఇంకెవరికన్న చెప్పినవా?" అన్నాడు సంతోష్, మెల్లగా.

మనీషా కళ్లు మూసుకొని తెరిచింది.

"రాసి పంపిన," అంది. "నా పేరు మీదనే."