రింకు లాప్‌టాప్

ఆరో మర ఊడదీసి ఐనార్ దాన్ని ఒక మూతలో వేశాడు. బల్ల మీద బోర్లా పడుకున్న లాప్‌టాప్‌కి ఇంకా రెండు మరలున్నాయి. వాటిలో ఒకదాని తల అరిగిపోయింది. మధ్యలో రబ్బరు బ్యాండు ముక్క పెట్టి, స్క్రూడ్రైవర్‌ని గట్టిగా అదిమి, ఊపిరి బిగబట్టి తిప్పాడు. కదిలింది.

"రా తల్లీ, రా," అన్నాడు. మనుషులతో ఇంత ముద్దుగా మాట్లాడడం అతనికి చేతకాదు.

పొట్టి మనిషి. అరవై ఎనిమిదేళ్ళు. మెడ భుజాల్లోకి దిగబడి ఉంటుంది. వేళ్ళు లావుగా, మొద్దుగా ఉంటాయి గాని చిన్న చిన్న మరలను పట్టుకోవడంలో వాటికి సాటి లేదు. వయసులో ఉండగా, ఇక్కడికి దగ్గర్లోని కెనడా విన్నిపెగ్ సరస్సు మీద చేపల పడవలో పనిచేస్తూ ఎడమ కాలు విరగ్గొట్టుకున్నాడు. అతుక్కునేసరికి అది అరంగుళం పొట్టిదైంది. ఆ బూటులో తోలుముక్క పెట్టుకుని నడుస్తాడు. ఆ కాలితో స్కేట్లు వేసుకోవడం కుదరదు. మా ఊరి హాకీ రింకులో, అంటే స్కేట్లతో ఆడే మంచు మైదానంలో, ముప్ఫై ఒక్క చలికాలాలు మంచు పరిచినవాడు ఆ మంచు మీద ఒక్కసారైనా జారి ఎరగడు. ఇది ఎవరికీ విడ్డూరంగా తోచలేదు. అతని గురించి అంతసేపు ఆలోచించే తీరిక ఎవరికుంది గనక?

రింకు సిమెంటు నేల కింద ఉప్పునీళ్ళ గొట్టాలుంటాయి. ఆ నీళ్ళను చల్లబరిచే యంత్రానికి ఏటా అక్టోబరు చివర్లో ఇంత చలి కావాలని చెప్పాలి. చెప్పేది ఈ లాప్‌టాప్. ఆ ప్రోగ్రాం రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, వేరే చోట ఎక్కించుకుందామంటే దొరకదు. కిందటి చలికాలం నుంచి లాప్‌టాప్‌లోని హార్డ్‌డిస్క్ టిక్కు టిక్కుమంటోంది. మొదలవడానికి నలభై నిమిషాలు పడుతోంది. డిస్క్ పోతే ప్రోగ్రాం పోతుంది, ప్రోగ్రాంతోపాటు రింకూ పోతుంది. కొత్త యంత్రాంగం కొనే స్తోమతు మా ఊరికి లేదు. ఇవాళ సాయంత్రం ఐదింటికి ఊరి కౌన్సిల్ కూర్చుంటోంది. ఆలోపు నేల చల్లబడకపోతే యంత్రాన్ని అమ్మేస్తారు. పిల్లలు ఆడుకోవాలంటే అరవై కిలోమీటర్లు పోవాలి.

అందుకే ఐనార్ తన సొంత డబ్బుతో కొత్తరకం డిస్క్ తెప్పించాడు, లోపల తిరిగే చక్రమేదీ లేనిది. రెండు డిస్కులూ పక్కపక్కన గుచ్చి మీట నొక్కితే ఉన్నదున్నట్టు నకలు తీసే పెట్టె ఒకటి అరువు తెచ్చుకున్నాడు. ఏది ఎటు గుచ్చాలో తారుమారైతే పాతది తుడిచిపెట్టుకుపోతుంది. నిన్న మీట నొక్కేముందు నాలుగుసార్లు సరిచూసుకున్నాడు. నొక్కాక మధ్యాహ్నమంతా, పాలు పొంగుతాయేమోనని పొయ్యి దగ్గర నిలబడ్డవాడిలా దాని ముందే కూర్చున్నాడు.

కొత్త డిస్క్‌ని గూట్లో పెట్టి, అన్ని మరలూ బిగించి, మీట నొక్కాడు. నల్లటి తెర మీద ఒకే ఒక్క తెల్ల వాక్యం వచ్చింది. డిస్క్ లేదట.

మళ్ళీ విప్పి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే మాట.

అప్పుడే తలుపు తోసుకుని లోర్నా వచ్చింది. కౌన్సిల్ పెద్ద ఆవిడే. ఊళ్ళో ఇనుపసామాన్ల దుకాణమూ ఆవిడదే.

"ఏం ఐనార్, ఆ డొక్కు ఇంకా బతికే ఉందా?"

"మూలుగుతోంది."

"పదకొండయింది. నాకేమన్నా సరదానా చెప్పు? నేను నడక కన్నా ముందు స్కేటింగ్ నేర్చుకుంది ఇక్కడే. కానీ ఐదింటికి అమ్మకానికి సంతకం పెట్టమంటే పెట్టాలిగా."

"పెట్టుకో. ముందు కాస్త ఆ తలుపెయ్యి, చలి."

"చలి కావాలని కూర్చున్నవాడివి నువ్వే కదయ్యా!" అని నవ్వి తలుపేసుకుని వెళ్ళిపోయింది.

ఐనార్ నవ్వలేదు. ఈ రింకు లేకపోతే పొద్దున్నే లేచి తను ఎక్కడికి పోవాలి? భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. ఇంట్లో బాగుచేయడానికి మిగిలిందేమీ లేదు. నిన్న నకలు పూర్తవగానే తిరగడం మానేసిన పాత డిస్క్‌ని ఒక చేతిలో, కొత్తదాన్ని ఇంకో చేతిలో పట్టుకుని చూస్తూ లేచి నిలబడ్డాడు. పొద్దుటి నుంచి బూటు విప్పి కూర్చున్నాడేమో, ఎడమవైపుకి ఒరిగాడు.

ఒరిగినవాడు అలాగే ఉండిపోయాడు. రెండు డిస్కులనీ కళ్ళ ఎదురుగా ఆనించి పట్టుకున్నాడు. కొత్తది పలచన. గూడేమో పాతదాని మందానికి చేసింది. బోర్లా పెట్టి బిగించినప్పుడు సరిగానే కూర్చుంటోంది, తిరగేసి నిలబెట్టగానే డిస్క్ కిందికి జారి, గూటి చివర కరెంటు అందించే ముళ్ళను అందుకోలేకపోతోంది.

"ఓరి నీ! నీదీ నా రోగమేనా!" అన్నాడు పైకే.

ఓట్స్ పెట్టె చింపి అట్టముక్క కత్తిరించాడు. ఒకటి చాలలేదు. రెండోది అతికించి, డిస్క్ కింద దోపి, వేలితో నొక్కి చూశాడు. కదల్లేదు. మరలు బిగించాడు. మీట నొక్కి, అలవాటు కొద్దీ ఫ్లాస్కు మూత తిప్పబోయాడు. లాప్‌టాప్ మొదలయ్యేలోపు రెండు కప్పుల కాఫీ తాగి, పేపర్లో పదబంధం పూరించడం అతని ఆనవాయితీ.

మూత ఊడకముందే ప్రోగ్రాం తెర మీద ఉంది.

ఐనార్ కాసేపు నమ్మలేదు. ఆపి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అంతే, కనురెప్పపాటు. అంకెలు కొట్టాడు. గోడ అవతల యంత్రం ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, గుమ్మని అందుకుంది. అతనికి కళ్ళనీళ్ళు వచ్చాయి. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి తుడుచుకోలేదు.

నాలుగున్నరకి లోర్నా సంతకం కాగితం పట్టుకుని వచ్చింది. ఐనార్ ఆవిణ్ణి రింకులోకి, గొట్టాలు మొదలయ్యే మూలకి తీసుకెళ్ళాడు.

"చేతితొడుగు తీసి నేల ముట్టుకో."

లోర్నా వంగింది. సిమెంటు మీద తెల్లటి మంచునూగు పరుచుకుని ఉంది. అరచెయ్యి ఆనించి తీస్తే ఐదువేళ్ళ గుర్తు పడింది.

"ఎలా చేశావయ్యా?"

"పలచన డిస్కు. కింద అట్ట పెట్టా."

"నీ బూటులో పెట్టినట్టా?"

"నా బూటులో పెట్టినట్టే. కానీ ఒక చిక్కొచ్చి పడింది. చిటికెలో మొదలైపోతోంది. ఇక నేను కాఫీ ఎప్పుడు తాగాలి?"

లోర్నా పగలబడి నవ్వింది. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి అతని చొక్కా జేబులో కుక్కింది. ఆపై శనివారానికల్లా మంచు అద్దంలా సిద్ధమైంది. అరవై ఏళ్ళ లోర్నా అందరికన్నా ముందు దాని మీదికి దిగి, రెండుసార్లు పడి, మూడు చుట్లు కొట్టింది. ఊరంతా ఈలలు వేసింది. ఐనార్ కంచె మీద మోచేతులు ఆనించి, ఆవిడ పడ్డచోట మంచు ఎంత గీసుకుందో చూస్తూ నిలబడ్డాడు. అంత గర్వంగా అతన్ని మేమెప్పుడూ చూడలేదు.

ఆ చలికాలం ఒక్క ఆటా ఆగలేదు. మార్చిలో ఆఖరి ఆట అయ్యాక ఐనార్ యంత్రం ఆపి, దీపాలు ఆర్పి ఇంటికెళ్ళి పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. నిద్రలోనే పోయాడని డాక్టరు చెప్పాడు.

వారం తర్వాత యంత్రాల గది సర్దడానికి లోర్నా వెళ్ళింది. అలమారలో ఉన్నవన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. పై అరలో, దుమ్ము పడకుండా గుడ్డలో చుట్టి, ఇంకో కొత్త డిస్క్ ఉంది. దాని మీద అంటించిన కాగితం పట్టీ మీద, పెన్సిలుతో, ఐనార్ చేతిరాతలో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: "దీన్లోకీ ఎక్కించా. పెట్టి చూశా. పనిచేస్తుంది."